షాపులో అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు మీరే చెప్పాలి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఫంక్షన్లకు డిస్పోజబుల్ ప్లేట్లు, గ్లాసులు అమ్మే హోల్‌సేల్ షాపు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో పర్యావరణం, నిజాయతీ వ్యాపారం అంటూ వారానికి రెండు పీరియడ్లు పెట్టారు. అప్పటి నుంచి ఐఐటీ ఫౌండేషన్ మీద ధ్యాస తగ్గింది, సస్టైనబిలిటీ (పర్యావరణం చెడకుండా వ్యాపారం నడిపే చదువు) చదువుతానంటోంది. ఆన్‌లైన్‌లో ఆరు నెలల కోర్సుకు 45 వేలట. మొన్న షాపులో కుర్రాళ్ళ ముందే ‘నాన్నా, ఇవి బ్యాన్ చేసినవి కదా, ఎందుకు అమ్ముతున్నావ్’ అంది. ఈ చదువుకి భవిష్యత్తు ఉందా? ఎంపీసీనా, ఎంఈసీనా?

జవాబు: మీరు గ్రూపు గురించి అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది షాపులో ఆ పిల్ల అన్న మాట. ఇలాంటివి నాకు చాలానే వస్తాయి. బిల్లు ఎందుకివ్వవని కొడుకు అడిగాడని ఒకాయన, పనమ్మాయికి పండగ సెలవు ఎందుకివ్వవని కూతురు నిలదీసిందని ఇంకొకావిడ. అందరూ చివరికి కోర్సు గురించే అడుగుతారు.

ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. పిల్ల చెప్పింది నిజం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అవి మీ గోడౌన్‌లో ఉంటే తప్పు పిల్లదీ కాదు, స్కూలుదీ కాదు. మీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. మార్కులు తగ్గితే దాచకుండా నిజం చెప్పమంటాం, అదే పిల్ల షాపుకొచ్చి నిజం మాట్లాడితే పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది అంటాం. ఆ రోజు మీరేం జవాబిచ్చారో రాయలేదు. కసిరి పంపించేసి ఉంటారు.

మీ భయం నాకు అర్థం కాక కాదు. సరుకు మీద డబ్బు పెట్టారు, అద్దె కట్టాలి, మీరు మానేస్తే గిరాకీ పక్క షాపుకి పోతుంది. ఇదే ఆమెకు చెప్పండి, దాచడమెందుకు? కూర్చోబెట్టి కొన్న ధర, అమ్మిన ధర చూపించండి. మోదుగాకు విస్తరి ఎంత పడుతుంది, ప్లాస్టిక్ ప్లేటు ఎంత, పెళ్ళివాళ్ళు ఏ ధర దగ్గర వెనక్కి తగ్గుతారు. పేపర్ కప్పుకి నిషేధం లేదు, కానీ టీ కారకుండా దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొర వేస్తారు, అది కూడా ఆమెకు తెలియాలి. భూగోళం బొమ్మ గీసి కింద నినాదం రాయిస్తే ఈ చిక్కులేవీ తెలియవు. స్కూళ్ళు నేర్పాల్సింది బిల్లు చదవడం, ప్యాకెట్ వెనక రాసింది చదవడం, ‘ఎకో ఫ్రెండ్లీ’ అని కనబడితే ఆధారమేదని అడగడం. అలాంటి తప్పుడు ప్రచారాల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబర్‌లో మార్గదర్శకాలే తెచ్చింది.

ఇవన్నీ నేర్చుకుంటే వ్యాపారానికి పనికిరాదని అనుకోకండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కంపెనీ లెక్కలు అబద్ధమని దాని ఛైర్మనే ఒప్పుకున్నప్పుడు, ఏ తప్పూ చేయని వేలమంది ఉద్యోగుల ఇళ్ళల్లో ఎంత టెన్షన్ పడ్డారో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు గుర్తే.

ఇక ఆ 45 వేలు. దయచేసి కట్టకండి. ఆ సర్టిఫికెట్‌తో ఇక్కడ ఇంటర్‌లో గానీ ఇంజినీరింగ్‌లో గానీ సీటు రాదు. డిగ్రీలోనే సస్టైనబిలిటీ తీసుకోవడం మీద కూడా నాకు అనుమానాలున్నాయి. కొన్నేళ్ళ కిందట నేనే ఉత్సాహంగా కొందరిని అటు పంపాను, ఇప్పుడైతే పంపను. పని లేదని కాదు. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు నీళ్ళు, కరెంటు ఎంత వాడాయో, చెత్తను ఏం చేశాయో, పనిలో ఎన్ని ప్రమాదాలు జరిగాయో 2022-23 నుంచి ఏటా రిపోర్టు ఇవ్వాలని స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ నిబంధన ఉంది. కానీ ఆ పనికి ముందు ఒక విద్య గట్టిగా చేతిలో ఉండాలి. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు సంగతే చూడండి, ఆ కాలుష్యం మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అలాంటి చోట నీళ్ళలో ఏం కలిసిందో తేల్చాలంటే కెమిస్ట్రీ రావాలి, రైతుకి పరిహారం ఇప్పించాలంటే చట్టం తెలియాలి, ఫ్యాక్టరీ ఖర్చు ఎక్కడ దాచిందో పట్టుకోవాలంటే అకౌంట్స్ రావాలి. మూడింటి మీదా పైపైన నాలుగు పాఠాలు చదివినవాళ్ళు ఏ ఒక్కటీ చేయలేరు.

గ్రూపు విషయంలో కంగారేం లేదు, టెన్త్ అయ్యేదాకా టైముంది. మ్యాథ్స్ రెండింట్లోనూ ఉంది. కెమిస్ట్రీ ఇష్టపడితే ఎంపీసీ. మీ షాపు లెక్కలు ఆసక్తిగా చూస్తే ఎంఈసీ, తర్వాత సీఏ. వారానికి రెండు పీరియడ్ల వల్ల ఫౌండేషన్ పాడవదు. ధ్యాస తగ్గిందంటే అది ఆమెకు నచ్చడం లేదేమో, ఒకసారి మెల్లగా అడిగి చూడండి. మీ అమ్మాయి బాగానే ఉంది. మీరు దిగులు పడాల్సిన పిల్ల కాదు.

ఈ ఆదివారం గోడౌన్‌కి తీసుకెళ్ళి, నిషేధంలో ఉన్న సరుకు ఎంత మిగిలిందో ఆమె చేతే లెక్క రాయించండి. అది ఇక అమ్మకండి, కొత్తది తెప్పించకండి, నష్టం ఎంతో ఆమెకూ చెప్పండి. ఇక అవి అమ్మననే మాట షాపులో కుర్రాళ్ళ ముందే చెప్పండి, ఆమె అడిగింది వాళ్ళ ముందే కదా.