తొమ్మిది ఫిల్టర్ల సెట్టా, ఒక్కటి చాలా?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్స్ వాడుతున్నాను. ఆదివారాలు సీతానగరం ఘాట్ దగ్గర సూర్యాస్తమయం తీస్తుంటాను. ఆకాశం రంగులు బాగా వస్తే ఇంద్రకీలాద్రి, ఘాట్ మెట్లు నల్లగా అయిపోతున్నాయి. మెట్లు కనపడేలా తీస్తే ఆకాశం తెల్లగా కాలిపోతోంది. పై సగం నల్లగా, కింది సగం తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్ కొందామని షాపుకి వెళ్తే తొమ్మిది ఫిల్టర్ల సెట్ చూపించారు. గుండ్రంగా లెన్స్‌కి బిగించే రకమైతే చవకగా ఉంది. డిసెంబర్‌లో సూర్యలంక బీచ్‌కి కూడా వెళ్తున్నాం. ఏది కొనమంటారు?

జవాబు: సెట్ వద్దండీ. అందులో సగం రంగు రంగులవి. పెళ్ళిళ్ళ ఫోటోలతో బతికేవాణ్ణి, అలాంటి సెట్లు సంచుల్లో మూలుగుతుండగా చాలా చూశాను. గుండ్రటిదీ వద్దు. దానిలో నలుపు, తెలుపు కలిసే గీత సరిగ్గా మధ్యలో ఉంటుంది, పైకీ కిందకీ జరగదు. అంటే ప్రతి ఫోటోలోనూ ఆకాశం సగం, నేల సగం పెట్టాల్సిందే. పైగా కొన్ని పాత కిట్ లెన్సుల్లో ఫోకస్ చేస్తుంటే ముందు భాగం తిరుగుతుంది, దాంతోపాటు ఫిల్టరూ తిరుగుతుంది. 100 మి.మీ. హోల్డర్, మీ లెన్స్‌కి సరిపడే రింగు, 100×150 పలక ఒకటి తీసుకోండి. లెన్స్ మూత లోపల 55 అనో 58 అనో రాసి ఉంటుంది, రింగు ఆ సైజుది కావాలి. పలకను హోల్డర్‌లో జరపవచ్చు, తిప్పవచ్చు. ఇంద్రకీలాద్రి ఒక పక్కనుంచి ఆకాశంలోకి పొడుచుకొస్తుంది కదా, గీతను ఆ వాలుకి తగ్గట్టు కాస్త ఏటవాలుగా పెడితే కొండ నెత్తి మరీ నల్లబడదు.

ఇక ఎంత నలుపు? ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం. 0.3 అంటే ఒక స్టాప్, 0.6 అంటే రెండు, 0.9 అంటే మూడు. పద్ధతి ఇది: ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8లో ఉంచి, సూర్యుడు ఫ్రేములోకి రాకుండా ఆకాశం వైపు తిప్పి షటర్ స్పీడ్ చూడండి, తర్వాత మెట్లవైపు తిప్పి చూడండి. ఆకాశానికి 1/500, మెట్లకి 1/30 వచ్చిందనుకోండి, తేడా నాలుగు స్టాపులు. ఒకటి వదిలేసి మూడు స్టాపులది పెట్టమని చాలామంది చెబుతారు. మీ ఘాట్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే మధ్యలో కృష్ణ ఉంది. బ్యారేజీ గేట్లు మూసి నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు ఆకాశం నీడ నీళ్ళలో పడుతుంది. ఆ నీడ ఎప్పుడూ అసలు ఆకాశం కన్నా కొంచెం చీకటిగానే ఉంటుంది. మీరు పైన 0.9 పెట్టారంటే ఆకాశం మసకబారి, కింద నీళ్ళు దానికన్నా వెలుగుతాయి. ఎందుకో చెప్పలేకపోయినా ఎవరికైనా ఆ ఫోటో అబద్ధంలా కనిపిస్తుంది. కాబట్టి 0.6 కొనండి. మెట్ల నీడల్లో మిగిలిన చీకటిని రా ఫైల్‌లోంచి (సెన్సర్ పట్టినదంతా కుదించకుండా దాచే ఫైల్) లాగుకోవచ్చు, ఇప్పటి సెన్సర్లు అంతమాత్రం ఇస్తాయి. కాలిపోయిన ఆకాశం మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. స్లయిడ్ ఫిల్మ్ రోజుల్లో ఈ వెసులుబాటు లేదు. అందుకే అమెరికన్ ఫోటోగ్రాఫర్ గేలెన్ రోవెల్ లాంటివాళ్ళు ఈ ఫిల్టర్లను అంతగా నమ్ముకున్నారు. అదే కారణంతో, ఇవాళ 0.3కి డబ్బు పెట్టడం దండగ అంటాను.

అంచు సంగతి. కొండలుంటే సాఫ్ట్ (నలుపు మెల్లగా తగ్గేది), సముద్రమైతే హార్డ్ (ఒక్కసారిగా తెగేది) అని చెబుతుంటారు. పెద్ద ఫ్రంట్ ఎలిమెంట్ (ముందు గాజు) ఉన్న లెన్సులకి అది సరే. మీ చిన్న లెన్స్ ముందు 100 మి.మీ. సాఫ్ట్ పెడితే, నలుపు మెల్లగా తగ్గే భాగమే ఫ్రేమంతా ఆక్రమిస్తుంది. పైన కాస్త, కింద కాస్త నల్లబడి, ఫిల్టర్ పెట్టినట్టే ఉండదు. మీడియం అంచు అడగండి. గీత ఎక్కడ పడిందో చూసుకునేటప్పుడు డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి చూడండి, ఫోటో తీసే ఎపర్చర్‌లో ఎలా ఉంటుందో అది చూపిస్తుంది. ఎపర్చర్ మూసేకొద్దీ గీత పదునుగా తేలుతుంది, లెన్స్ 18 మి.మీ.లో ఉంటే ఇంకా ఎక్కువ. 55కి జూమ్ చేస్తే అదే గీత మెత్తబడుతుంది.

కొనేముందు షాపులోనే తెల్ల కాగితాన్ని వైట్ బ్యాలెన్స్ మార్చకుండా రెండు ఫోటోలు తీయండి, ఫిల్టర్‌తో ఒకటి, లేకుండా ఒకటి. నలుపు భాగం గులాబీ రంగు కొడితే వదిలేయండి. ఫోటో మొత్తానికి రంగు పడితే సరిచేయవచ్చు, పై సగానికి మాత్రమే పడితే ఆకాశాన్ని విడిగా దిద్దుకుంటూ కూర్చోవాలి. గాజా, రెజినా (ఒక రకం ప్లాస్టిక్) అంటే, ఘాట్ మెట్ల మీద నిలబడేవాళ్ళకి రెజినే. గీతలు పడతాయి నిజమే, కానీ చేయి జారితే పగలదు. ట్రైపాడ్ వేయగానే ‘ఏ ఛానల్ సార్’ అని చుట్టూ మూగేవాళ్ళలో ఎవరి మోచెయ్యి తగులుతుందో చెప్పలేం!

సూర్యలంకలో తెల్లవారుజామున సూర్యుడు నీటి గీత మీదే ఉంటాడు కాబట్టి రివర్స్ గ్రాడ్ కొనమంటారు. అందులో మధ్య గీత దగ్గరే నలుపు ఎక్కువ, పైకి వెళ్ళేకొద్దీ తక్కువ. ఒక్క ట్రిప్పు కోసం అది అనవసరం. సూర్యుడు బెత్తెడు పైకి లేచాక దాని పని అయిపోతుంది. ఈ 0.6తోనే తీయండి, కెమెరా ట్రైపాడ్ మీదే ఉంచి ఆకాశం కోసం మరో ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత కంప్యూటర్‌లో రెండూ కలపవచ్చు. అలలు రెండింట్లోనూ ఒకేలా ఉండవు, అందుకే కలిపేటప్పుడు నీళ్ళు మొదటి ఫోటోలోవే ఉంచండి. గాలికి ఉప్పు తుంపరలు ఫిల్టర్ మీద పడితే పొడి గుడ్డతో తుడవకండి, ఉప్పు, ఇసుక కలిసి రెజిన్‌ని గీకేస్తాయి. ముందు మంచినీళ్ళు పోసి, ఆ తర్వాతే మెత్తని గుడ్డ.