గ్లూటెన్ మానేసి ఆర్నెల్లయినా దురద పోకపోతే

మొన్న ఇండియా నుంచి కొత్తగా ఇక్కడికి వచ్చిన ఒక తమ్ముడు ఫోన్ చేసి, అన్నా గ్లూటెన్ (గోధుమ, బార్లీ, రై లాంటి ధాన్యాల్లో ఉండే ప్రొటీన్) మానేసి ఆర్నెల్లయింది, మోచేతుల మీద దురద మాత్రం ప్రాణం తీస్తోంది, ఈ డైటంతా దండగ, వదిలేస్తా అన్నాడు. ఆగరా బాబూ అన్నాను. నాకు తగ్గడానికి ఏడాదిన్నర పైనే పట్టింది మరి.

అసలు మీకున్నది గ్లూటెన్ వల్ల వచ్చిన దురదేనా అన్నది ముందు తేలాలి. గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినే జబ్బుని సీలియాక్ అంటారు, అదే చర్మం మీద బయటపడితే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అంటారు. పేరు చూసి హెర్పిస్ అనుకోకండి, ఆ వైరస్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు, పొక్కులు అలా గుంపుగా లేస్తాయని 1884లో డ్యూరింగ్ అనే డాక్టర్ పెట్టిన పేరది. మోచేతులు, మోకాళ్ళు, పిరుదులు, తల, ఇలా రెండు వైపులా ఒకేలా వస్తుంది. గొడవేంటంటే ఇక్కడ అపాయింట్‌మెంట్ దొరికేసరికి మనం గోకి గోకి పొక్కులన్నీ పగలగొట్టేసి ఉంటాం, డాక్టర్‌కి కనపడేవి గోళ్ళ గీతలే. నాకైతే ఎగ్జిమా అని రెండుసార్లు క్రీమ్ రాసిచ్చి పంపేశారు. అందుకే కొత్త పొక్కు లేచిన రోజే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

బయాప్సీ, అంటే చిన్న చర్మం ముక్క తీసి చేసే పరీక్ష అడగండి, అదీ పొక్కు మీద కాదు, దాని పక్కనున్న మామూలు చర్మంలోంచి తీసి ఇమ్యునోఫ్లోరెసెన్స్ అనే పరీక్షకి పంపాలి, అందులో ఐజీఏ అనే యాంటీబాడీ పేరుకుని కనపడితే ఇదే జబ్బు. గ్లూటెన్ మానేశాక సీలియాక్ రక్త పరీక్ష నార్మల్‌గా వచ్చేయొచ్చు, కానీ చర్మంలో ఆ ఐజీఏ నెలలు కాదు ఏళ్ళు ఉండిపోతుంది. కడుపు బాగైనా దురద పోకపోవడానికి కారణం కూడా ఇదే, రెండేళ్ళ దాకా పట్టినవాళ్ళు ఉన్నారు. అన్నట్టు నలుగురైదుగురు ఒకే రూమ్‌లో ఉంటూ, రాత్రిళ్ళు వేళ్ళ సందుల్లో దురద, పక్కవాడికీ అదే గోల అయితే ముందు గజ్జి ఉందేమో చూపించుకోండి, సిగ్గుపడొద్దు.

అన్నాళ్ళు గోక్కుంటూ కూర్చోవాలా అంటే అక్కర్లేదు, డాప్సోన్ అనే మాత్ర ఉంది, చాలామందికి రెండు మూడు రోజుల్లోనే దురద తగ్గిపోతుంది. నెట్‌లో వెతికితే కుష్టుకి వాడే మందు అని వస్తుంది, మా ఇంట్లో అది చదివి ఫోన్లో ఒకటే ఏడుపులు, నిజమే దానికీ వాడతారు, అంతమాత్రాన మీకు అది ఉన్నట్టు కాదు. కానీ జీ సిక్స్ పీడీ అనే రక్త పరీక్ష చేయించకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు, ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్ళకి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మొదలుపెట్టాక కూడా రక్త పరీక్షలు చేయిస్తూనే ఉండాలి, పెదాలు నీలంగా మారినా, ఆయాసం వచ్చినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. కాబట్టి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకుని సొంత వైద్యం చేసుకోకండి. ఇంకోటి, ఈ మాత్ర దురదనే ఆపుతుంది, పేగులకి ఏమీ చెయ్యదు, మాత్ర ఉంది కదా అని డైట్ వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తారు.

ఇక తెలియకుండా లోపలికి పోయే గ్లూటెన్. వీట్ ఫ్రీ అంటే గ్లూటెన్ ఫ్రీ అని కాదు, బార్లీ, రై, మాల్ట్ ఉండొచ్చు. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, ఓట్స్‌లో కలిసిపోతుంది, మందుల మీద కూడా చదవాలి. గ్లూటెన్ ఫ్రీ అని రాసినదాంట్లో కూడా చాలా దేశాల్లో మిలియన్‌కి 20 పాళ్ళ లోపు ఉండొచ్చు. ఒంటికి రాసుకునే లోషన్ గురించి భయం అక్కర్లేదు, లిప్‌స్టిక్ మాత్రం నోట్లోకి పోతుంది.

గ్లూటెన్ కాకుండా అయోడిన్ కూడా రేపుతుంది, ముఖ్యంగా సముద్రపు నాచు, కెల్ప్ అనే నాచుతో చేసే సప్లిమెంట్లు. అలాగని థైరాయిడ్ ఉన్నవాళ్ళు అయోడిన్ సొంతంగా మానేయొద్దు, ఈ జబ్బున్నవాళ్ళలో థైరాయిడ్ ఎక్కువే. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా కొందరికి పడవు. మన తమ్ముడు నడుం నొప్పికి రోజూ అదే మింగుతున్నాడట, పైగా రూమ్‌లో అందరిదీ ఒకటే టోస్టర్, మిగతావాళ్ళ గోధుమ బ్రెడ్ పొడంతా అందులోనే!

ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నలకీ తోబుట్టువులకీ కూడా సీలియాక్ రక్త పరీక్ష చేయించుకోమని చెప్పండి, పరీక్ష అయ్యేదాకా వాళ్ళు గ్లూటెన్ మానకూడదు.