ఫ్రాన్స్‌లో చరిత్ర ఉన్న చిన్న గ్రామం ఒక్కటే చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

మహానగరాలను వదిలేసి, పాత చరిత్ర ఇంకా కళ్ళకు కనిపించే గ్రామం ఏదైనా ఫ్రాన్స్‌లో ఉందా, అక్కడ ముఖ్యంగా ఏం చూడాలి అని మీరు అడిగారు. తులూజ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను రెండుసార్లు వెళ్ళివచ్చిన కోంక్ పేరు చెబుతాను. దక్షిణ ఫ్రాన్స్‌లోని అవేరోన్ జిల్లాలో, దూర్దూ నది లోయ అంచున, కొండవాలును పట్టుకుని ఉన్న ఊరు అది. స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం సాంతియాగో దె కంపోస్తేలాకు కాలినడకన వెళ్ళే యాత్రికులలో ల ప్వీ పట్టణం నుంచి బయలుదేరేవారికి ఇది శతాబ్దాలుగా మజిలీ.

ఈ ఊరికి ఇంత పేరు రావడానికి మూలం ఒక దొంగతనం. రోమన్ల కాలంలో అజెన్ పట్టణంలో మతం కోసం ప్రాణాలు విడిచిందని చెప్పే సెంత్ ఫ్వా అనే బాలిక అస్థికలను, కోంక్ మఠానికి చెందిన ఒక సన్యాసి 9వ శతాబ్దంలో అపహరించి తెచ్చాడు. అక్కడివారి నమ్మకం సంపాదించడానికి అతడు ఏళ్ళ తరబడి వారి మధ్యనే ఉన్నాడని మఠం కథనం. దాచిపెట్టవలసిన ఈ సంగతిని మఠంవారే గర్వంగా రాసిపెట్టుకోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఆ అస్థికల కోసం చేసిన, సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తున్న విగ్రహం చెక్కతో చేసి బంగారు రేకు తొడిగినది. ముఖం మాత్రం అంతకంటే పాతదైన రోమన్ల కాలపు బంగారు శిరస్సు. 11వ శతాబ్దపు ఆరంభంలో ఇక్కడికి వచ్చిన ఆంజే నగరపు పండితుడు బెర్నార్ దానిని చూసి మొదట విగ్రహారాధన అని ఈసడించి, తరువాత మనసు మార్చుకుని ఆ పునీతురాలి మహిమలను గ్రంథస్థం చేశాడు. ఉత్సవమూర్తులను ఊరేగించే మన ప్రాంతం నుంచి వెళ్ళిన నాకు అతడి మొదటి కలవరం కంటే రెండవ ఆలోచనే సులువుగా అర్థమయింది.

ఫ్రెంచి విప్లవ కాలంలో చర్చిల బంగారం కరిగించడానికి తరలిపోతున్నప్పుడు, ఈ ఊరివాళ్ళు మఠం నిధిని తమ ఇళ్ళలో దాచి, ఆ తరువాత తిరిగి అప్పగించారు. అందుకే ఆ విగ్రహం పారిస్ మ్యూజియంలో కాకుండా పుట్టిన ఊళ్ళోనే ఉంది. చర్చి భవనం మాత్రం శిథిలమయ్యింది. 1837లో చారిత్రక కట్టడాల పర్యవేక్షకుడిగా వచ్చిన రచయిత ప్రోస్పేర్ మెరిమే దాని విలువను గుర్తించి, రక్షణ కోసం పట్టుబట్టాడు.

మీరు ఎక్కువసేపు నిలబడవలసినది చర్చి పడమటి ద్వారం మీద ఉన్న తుది తీర్పు శిల్పం ముందు, అంటే లోకాంతాన దేవుడు మనుషులను స్వర్గానికో నరకానికో పంపే ఘట్టం. 12వ శతాబ్దపు ఆ ఫలకంలో 124 బొమ్మలున్నాయి. స్వర్గం వైపు అంతా క్రమశిక్షణ, కొంచెం విసుగు కూడా. శిల్పి చేయి ఆడినది నరకం వైపే. అక్కడ కుందేలు వేటగాడిని నిప్పు మీద కాలుస్తుంది, రాజులూ మతాధికారులూ శిక్షలు అనుభవిస్తుంటారు. సెంత్ ఫ్వా దేవుడి చేతి ముందు సాగిలపడి ఉండగా, ఆమె వెనుక సంకెళ్ళు వేలాడుతుంటాయి: విడుదలైన బందీలు తెచ్చి సమర్పించినవి.

మొదటిసారి మిట్టమధ్యాహ్నం వెళ్ళి, లోపలి కిటికీలను చూసి నిరాశపడ్డాను. దగ్గరలోని రోదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సూలాజ్ 1987 నుంచి 1994 వరకు శ్రమించి 104 కిటికీలకు రంగులేని గాజు అమర్చాడు. రంగురంగుల బొమ్మలు ఆశించిన నాకు అవి బూడిదరంగు పలకల్లా తోచాయి. రెండవసారి రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున చూస్తే అవే గాజులు ముందు నీలంగా, ఎండ ఎక్కేకొద్దీ పసుపుగా మారాయి.

కాబట్టి ఒక పూట చూసి రాకండి. రోదెజ్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. కారులో వెళ్ళడం మేలు. 1998లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన యాత్రామార్గ కట్టడాలలో చర్చితో పాటు దూర్దూ మీది పాత వంతెన కూడా ఉంది. ఊరి నుంచి కిందికి దిగి దానిని కూడా చూడండి.