పాత ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో 'ఫార్మర్' రైతు కాదు

'ఫార్మర్'ను రైతు అని చదవడం వల్లే చిక్కు వచ్చింది. 1772 నాటి బెంగాల్ కాగితాల్లో ఒకే 'ఫార్మర్' చేతిలో పరగణా (కొన్ని ఊళ్లు కలిసిన విభాగం) మొత్తం ఎలా ఉందని అడిగారు కదా, ఆయన ఇజారాదారు, అంటే ఇంత కడతానని ఒప్పుకుని పన్ను వసూలు హక్కు తీసుకున్నవాడు. బెంగాల్ గవర్నర్ వారన్ హేస్టింగ్స్ హయాంలో ఆ ఏడాది శిస్తు వసూలు హక్కును అయిదేళ్లకు వేలం వేశారు. పాట దక్కించుకున్నవాడే ఫార్మర్. అతను నాగలి పట్టాల్సిన పనే లేదు.

1. 'ఫార్మ్' అనే మాటకు మూలం మధ్యయుగ లాటిన్‌లోని 'ఫిర్మా', అంటే ముందే ఖాయం చేసుకున్న చెల్లింపు. అక్కడి నుంచి కౌలు, తర్వాత కౌలు భూమి, చివరికి సాగు అనే అర్థాలు వచ్చాయి. 1772లో పాత అర్థం, కొత్త అర్థం రెండూ వాడుకలోనే ఉన్నాయి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆ మాట పక్కన ఏముందో చూడాలి. 'రెవెన్యూ' (శిస్తు), 'సాల్ట్' (ఉప్పు), 'అరాక్' (సారా) లాంటివి కనిపించినా, 'ఫార్మ్‌డ్ అవుట్', 'లెట్ ఇన్ ఫార్మ్' (రెండూ వసూలు హక్కును గుత్తకు ఇవ్వడమే) అని ఉన్నా అది ఇజారాయే. సారా మీద వచ్చే ఆదాయానికి కూడా 'ఫార్మర్' ఉండేవాడు, అక్కడ రైతు అని పెడితే వాక్యం పూర్తిగా తలకిందులవుతుంది.

3. దున్నేవాళ్ల గురించి కావాలంటే అవే కాగితాల్లో 'రయట్' అని వెతకండి. అది మన రైతు మాటే. స్పెల్లింగ్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అన్నీ చూడండి.