గుంటూరులో ఎఫ్‌డీ, అన్నయ్యతో ఉమ్మడి పొలం: యూనివర్సల్ క్రెడిట్‌లో ఇవి కూడా చెప్పాలా?

మీరు అడిగింది ఇదీ: బ్రిటన్‌లో ఐఎల్‌ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది, ఉద్యోగం పోయింది, యూనివర్సల్ క్రెడిట్‌కు (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) దరఖాస్తు చేశారు. పొదుపు ఎంత అన్నచోట ఇక్కడి బ్యాంకులో ఉన్న 4,200 పౌండ్లు మాత్రమే రాశారు. గుంటూరులో 8 లక్షల ఎఫ్‌డీ, నాన్నగారి నుంచి వచ్చిన ఎకరన్నర పొలంలో సగం వాటా, ఒక ఎల్‌ఐసీ పాలసీ, ఇంట్లో బంగారం ఉన్నాయి. ఇండియాలోవి కదా అని వదిలేశారు. ఇప్పుడు చెప్పాలా, చెబితే డబ్బు ఆగిపోతుందా అని భయం.

చెప్పాలి. ఆస్తి ఏ దేశంలో ఉన్నా లెక్కలోకి వస్తుంది. కానీ అన్నీ ఒకే రకంగా రావు. మనవాళ్లు తప్పు చేసేది రెండు వైపులా: కొందరు ఎఫ్‌డీ కూడా చెప్పరు, కొందరు భార్య మెడలో గొలుసు కూడా లెక్కవేసుకుని అసలు దరఖాస్తే చెయ్యరు.

ముందు అంకెలు. 6,000 పౌండ్ల వరకు పొదుపును పట్టించుకోరు. ఆపైన ప్రతి 250కి, 250లో కొంత భాగమైనా సరే, నెలకు 4.35 పౌండ్ల ఆదాయం ఉన్నట్టు భావించి డబ్బులో కోస్తారు. 16,000 దాటితే ఏమీ రాదు. ఆలుమగలకు కలిపి కూడా ఇవే హద్దులు, రెట్టింపు కావు. ఇక్కడే చాలామంది తడబడతారు: మీ ఆవిడ ఇంకా డిపెండెంట్ వీసా మీదే ఉండి, ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు ఉన్నా, మీరు ఒక్కరిగా క్లెయిమ్ చేసినా, ఆమె పేరున ఉన్న డబ్బు మాత్రం మీ లెక్కలో కలుస్తుంది. పిల్లల సొంత డబ్బు కలవదు.

మీ ఎఫ్‌డీనే చూద్దాం. లెక్క తేలికగా ఉండడానికి పౌండుకు 110 రూపాయలు అనుకుంటే 8 లక్షలు సుమారు 7,273 పౌండ్లు. ఇక్కడి 4,200 కలిపితే 11,473. ఆరు వేలు తీసేస్తే 5,473. దాన్ని 250తో భాగిస్తే 21 మీద కొంచెం, అంటే 22. 22ని 4.35తో గుణిస్తే నెలకు 95.70 పౌండ్లు కోత. పొలం సంగతి పక్కన పెడితే, క్లెయిమ్ మొత్తం పోయే పరిస్థితి కాదు. ఎఫ్‌డీకి పెట్టాల్సిన విలువ మెచ్యూరిటీ మొత్తం కాదు, ఈరోజు పగలగొడితే చేతికి వచ్చేది. ముందే తీస్తే బ్యాంకు కోసే పెనాల్టీ, రూపాయల్ని పౌండ్లుగా మార్చేందుకు బ్యాంకు తీసుకునే చార్జీ, రెండూ తగ్గించుకోవచ్చు. బ్యాంకు నుంచి ఆ లెక్కతో ఒక లెటర్ తెప్పించుకోండి. ఎఫ్‌డీ వడ్డీని గానీ పొలం కౌలును గానీ విడిగా ఆదాయంగా చూపరు. అవి రావాల్సిన రోజు నుంచి పొదుపులోనే కలుస్తాయి.

అసలు చిక్కు పొలంతోనే. ఎకరన్నర విలువ 60 లక్షలనుకుంటే, సగం 30 లక్షలు కాబట్టి మీ పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అలా రాసేయకండి. ఉమ్మడి ఆస్తిలో వాటాలు సమానమని భావిస్తారు, నిజమే. కానీ చూడాల్సింది మొత్తం పొలం ధరలో సగం కాదు, విడిపోని మీ సగం వాటాను ఈరోజు అమ్మకానికి పెడితే ఎంత వస్తుందన్నది. భాగపంపకాలు కాని, అన్నయ్య సాగులో ఉన్న పొలంలో సగాన్ని బయటివాళ్లు కొంటారా? కొన్నా ఎంతకు కొంటారు? అమ్మకానికి ఖర్చులుంటాయి కాబట్టి వచ్చిన విలువలో 10 శాతం తీసేస్తారు. పొలం తాకట్టు మీద అప్పుంటే అదీ తీసేస్తారు. చేబదుళ్లు, క్రెడిట్ కార్డు బాకీలు తీసేయరు, అవి ఆస్తి మీద తీసుకున్నవి కావు కాబట్టి.

ఇండియా నుంచి డబ్బు బయటికి రాదు, అందుకే లెక్కలోకి రాదు అనే వాదన నిలబడదు. వారసత్వంగా వచ్చిన పొలాన్ని ఇండియాలో నివసించే భారతీయులకు అమ్మవచ్చు. ఆ డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాసుల ఇండియా ఆదాయం కోసం ఉండే రూపాయల ఖాతా) పడ్డాక, ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల హద్దులో పన్ను కాగితాలతో బయటికి పంపుకోవచ్చు. తరలించడానికి నిషేధం లేదు కాబట్టి గుంటూరు మార్కెట్ ధరే ప్రమాణం.

అందుకే రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో రిపోర్టు రాయించుకోండి. అందులో మూడు విషయాలు ఉండాలి: వాటా విడదీయలేదని, పొలం ఎవరి స్వాధీనంలో ఉందో, ఆ స్థితిలో మీ వాటా ఒక్కటే అమ్మితే ఎంత పలుకుతుందో. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ప్రభుత్వ విలువ ఒక్కటే జతచేస్తే చాలదు. అది బయటి ధర కాదని అవతలివాళ్లకూ తెలుసు. పాసు పుస్తకం, 1బీ (భూమి హక్కుల రికార్డు), ఈసీ (భూమి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) కాపీలతో పాటు వాటి సారాంశం ఇంగ్లిష్‌లో ఒక పేజీ పెట్టండి. తెలుగు కాగితాలు అలాగే అప్‌లోడ్ చేస్తే ఫైలు ఆలస్యం కావచ్చు.

పొలం బదులు ఇల్లు అయ్యుంటే, అందులో మీ అమ్మగారో నాన్నగారో సొంత ఇంటిలా ఉంటూ ఇక్కడి పెన్షన్ క్రెడిట్ వయసుకు (ప్రభుత్వ పెన్షన్ వచ్చే వయసు) చేరి ఉంటే, ఆ ఇంటి విలువ లెక్కలోకి రాదు. ఖాళీగా ఉన్న ఇంటిని అమ్మకానికి పెట్టి గట్టిగా ప్రయత్నిస్తుంటే, ఆరు నెలలు వదిలేస్తారు, కారణముంటే పొడిగిస్తారు.

ఎల్‌ఐసీ పాలసీ విలువ పట్టించుకోరు; మెచ్యూరిటీ డబ్బు ఖాతాలో పడితే మాత్రం అది పొదుపే. నగలు వ్యక్తిగత వస్తువులు, లెక్కలోకి రావు. అలా అని ఇప్పుడు ఎఫ్‌డీ తీసి హారం చేయించుకుంటే ఆ వాదన పనిచేయదు, పొదుపు తగ్గించుకోవడానికే కొన్నారని తేలితే ఆ డబ్బు ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కగట్టవచ్చు. గోల్డ్ బాండ్లు నగలు కావు, అవి పెట్టుబడే. నాన్నగారి పెన్షన్ పడే ఖాతాలో మీ పేరు కూడా ఉందా? డబ్బు ఆయనదేనని స్టేట్‌మెంట్లతో చూపితే మీది కాదు. చూపకపోతే సగం మీదే అంటారు.

ఇక చెప్పే పద్ధతి. ఆన్‌లైన్ ఖాతాలో మార్పులు తెలియజేసే చోటికి వెళ్లి, డబ్బు, పొదుపు, పెట్టుబడులు అన్న విభాగం ఎంచుకుని ఒక్కో ఖాతా విలువ విడిగా నమోదు చేయండి. తర్వాత జర్నల్‌లో (ఆ ఖాతాలోనే అధికారులకు సందేశాలు రాసే చోటు) మామూలు మాటల్లో ఒక సందేశం రాయండి: ఏ ఆస్తి, ఎప్పటి నుంచి ఉంది, విలువ ఎలా లెక్కగట్టారు, ముందు ఎందుకు చెప్పలేదు. వర్క్ కోచ్‌కు (జాబ్‌సెంటర్‌లో మీ క్లెయిమ్ చూసే ఉద్యోగి) నోటితో చెప్పి ఊరుకోవద్దు, అది రికార్డులో ఉంటుందన్న హామీ లేదు. 6,000 దాటినవాళ్లు ప్రతి అసెస్‌మెంట్ పీరియడ్ (క్లెయిమ్ లెక్కకట్టే నెల) చివర నిల్వ చూసుకోవాలి. పెరిగితే ఆ పీరియడ్ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, ఆలస్యంగా చెప్పినా వెనక్కి వెళ్లి కోస్తారు. తగ్గిన సంగతి ఆలస్యంగా చెబితే మాత్రం వెనకటి నెలల లాభం మీకు రాదు.

కోత భయంతో ఎఫ్‌డీని చెల్లెలి పేరుకు మార్చాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. బెనిఫిట్ కోసమే వదిలించుకున్నారని తేలితే, ఆ డబ్బు ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కగడతారు. చేతిలో డబ్బూ ఉండదు, బెనిఫిట్టూ ఉండదు. అప్పు తీర్చడం, అవసరమైన వస్తువులు సబబైన ధరకు కొనడం మాత్రం తప్పు కాదు. రసీదులు దాచండి.

ఇప్పటిదాకా ఎక్కువగా వచ్చిన డబ్బు వెనక్కి అడుగుతారు. నిర్లక్ష్యం వల్ల చెప్పలేదనుకుంటే 50 పౌండ్ల జరిమానా వెయ్యవచ్చు. కావాలని దాచారనుకుంటే, వెనక్కి కట్టాల్సిన మొత్తంలో సగం పెనాల్టీ, 350కి తగ్గకుండా 5,000 దాటకుండా, లేదా కోర్టు కేసు. వాళ్లు పట్టుకోకముందే మీరే చెబితే ఈ రెండో దారికి వెళ్లే అవకాశం బాగా తగ్గుతుంది. మూడు నెలలకు మించిన బాకీ అయితే ఒకటి అడిగి తీరాలి: ప్రతి మూడు నెలలకూ, అదనంగా తీసుకున్న మొత్తం మేరకు మీ పొదుపు తగ్గినట్టు భావించి లెక్కవేయాలన్న నియమం ఉంది. నోటీసులో ఆ తగ్గింపు కనబడకపోతే, నిర్ణయం వచ్చిన నెలలోపు పునఃపరిశీలన కోరండి. అక్కడా కాదంటే మరో నెలలోపు ట్రిబ్యునల్‌కు అప్పీలు. సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ వాళ్లు ఆ లేఖ రాయడంలో ఉచితంగా సాయం చేస్తారు.

పొలం వాటా విలువ తేలాక మొత్తం 16,000 దాటినా, ఉద్యోగంలో ఉండగా నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కోసే సామాజిక బీమా చందా) తగినంత కట్టి ఉంటే న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్‌కు (ఆ చందా ఆధారంగా ఇచ్చే నిరుద్యోగ భృతి) వేరుగా దరఖాస్తు చేయండి. దానికి పొదుపుతో సంబంధం లేదు, పిల్లల కోసం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్‌కూ లేదు. పొలం రిపోర్టు రావడానికి సమయం పడుతుంది కాబట్టి, ఎఫ్‌డీతో పాటు పొలం ఉన్న సంగతి ఈరోజే జర్నల్‌లో రాసి, విలువ తెప్పిస్తున్నానని చెప్పండి.