ఆకురాయి పక్కన పెట్టు, తల్లీ

చిరంజీవి చిట్టితల్లికి పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మాటలన్నీ అయిపోయి పెట్టేయబోతూ, "అది ఆ పీ2 మోడల్ రైలింజన్‌ని కోసి పసిఫిక్‌గా మారుస్తానంటోంది అన్నయ్యా" అన్నాడు. ఇక నాకు సరిగా నిద్ర పట్టలేదు. నా తర్వాత ఇరుసులు, క్రాంకుల గురించి మాట్లాడే మనిషి ఇంట్లో ఉందని ఎంత సంతోషమో చెప్పలేను. కానీ నువ్వు కొయ్యబోయేది మీ నాన్న నీ చేతికిచ్చిన ఇంజన్. అది తలుచుకుంటే గుండె దడగా ఉంది. అందుకే పొద్దున్నే కాగితం పట్టుకుని కూర్చున్నాను.

నువ్వు అనుకున్న మార్పు నిజం ఇంజన్లకే జరిగింది, నీకు తెలిసే ఉంటుంది. బ్రిటన్ ఇంజనీరు గ్రెస్లీ డిజైన్ చేసిన పీ2లు ఆరు. 1934 నుంచి 1936 లోపు లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే వాటిని కట్టింది. అవి 2-8-2లు, అంటే ముందు రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఇంజన్‌ని నడిపే డ్రైవింగ్ చక్రాలు ఎనిమిది, వెనక రెండు చిన్నవి. 1943, 44 సంవత్సరాల్లో, గ్రెస్లీ తర్వాత వచ్చిన ఇంజనీరు థాంప్సన్ వాటి ముందు జత డ్రైవింగ్ చక్రాలు తీయించి, ముందు భాగాన్ని మోసే నాలుగు చిన్న చక్రాల బోగీ పెట్టించి, 4-6-2లు, అంటే పసిఫిక్‌లు చేశాడు. ఏ2/2 అని పేరు. వాటి ఫొటోలు పక్కనుంచి తీసినవి చూడు. బయటి సిలిండర్లు బోగీకి వెనక పడి ఉంటాయి. అంటే నీ మోడల్‌లో చక్రాలు మారిస్తే సరిపోదు, సిలిండర్లనూ వెనక్కి జరపాలి. చాలామంది ఈ సంగతి చాసిస్ కోసేశాక గమనిస్తారు.

ఆ ఇంజన్ల లెక్కల్లో నాకు ఎప్పుడూ గుర్తుండేది ఒకటుంది. లాగే బలం 43,462 పౌన్ల నుంచి 40,318కి వచ్చింది. పెద్ద తేడా కాదు. కానీ ఆ బలాన్ని పట్టాల మీదికి దించే చక్రాలు ఎనిమిది నుంచి ఆరయ్యాయి. రెండు చక్రాలు మోసే బరువు బోగీ మీదికి పోయింది. అందుకే బండి కదిలేటప్పుడు ఆ ఇంజన్ల చక్రాలు జారేవి. నీ మోడల్‌కీ అదే గతి పడుతుంది. బోగీ పట్టాల మీద నిలబడటం లేదని దాని మీద గట్టి స్ప్రింగ్ పెట్టకు. ఆ స్ప్రింగ్ ఇంజన్ ముందు భాగాన్ని పైకి లేపుతుంది, డ్రైవింగ్ చక్రాల మీద బరువు ఇంకా తగ్గుతుంది. బోగీకి దాని సొంత బరువే ఇవ్వు, చిన్న సీసం ముక్క చాలు. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కో.

ఇంకో సంగతి. ఆ ఆరింట్లో ఒక్కటీ పాత రూపంలో మిగల్లేదు. అన్నిటినీ మార్చారు, ఆ తర్వాత తుక్కు చేశారు. ఇప్పుడు డార్లింగ్టన్‌లో 2007 నంబరుతో ఒక పీ2ని మొదటినుంచీ కొత్తగా కడుతున్నారు. ఒక్కటి అట్టే ఉంచి ఉంటే ఆ కష్టం ఉండేదా? నువ్వు తీసిన ప్రతి ముక్కా, ఇరుసు, చక్రాలను కలిపే పాత రాడ్లు, చిన్న స్క్రూ కూడా, ఒక డబ్బాలో వేసి పేరు రాసి పెట్టు. ఇది సలహా అనుకోకు, నా మాటగా తీసుకో.

మామూలు పనులు నీకు చెప్పక్కర్లేదు. విప్పే ముందు ఫొటోలు తీసుకో. కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో. కటింగ్ డిస్క్ ముక్క విరిగి ఎగిరితే నీ కన్ను మళ్లీ రాదు, ఈ ఒక్క విషయంలో నా మీద ఒట్టు. మోటార్ గేర్ ఏ ఇరుసు మీద ఉందో ముందే చూడు. నువ్వు తీసేసే ముందు ఇరుసు మీదే ఉంటే మొత్తం ప్లాన్ మారిపోతుంది. నీ స్కేల్లో ఒక అడుగు 4 మి.మీ. కాబట్టి డ్రైవింగ్ ఇరుసుల మధ్య దూరం 26 మి.మీ., చక్రం 24.7 మి.మీ. దగ్గర ఉండాలి. కొలిచి చూసుకో.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మీ నాన్నకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

మీ నాన్న కాలేజీలో ఉండగా డబ్బులు కూడబెట్టుకుని ఒక చిన్న గూడ్స్ ఇంజన్ కొనుక్కున్నాడు. 0-6-0. దానికి ముందు ఒక జత చిన్న చక్రాలు పెట్టి 2-6-0 చేసిస్తానని నేనే ముందుకొచ్చాను. వాడికి అప్పట్లో నా చేతుల మీద చాలా నమ్మకం. ఆ చిన్న చక్రాలను మోసే బ్రాకెట్ బిగించడానికి ముందు ఇరుసు అడ్డొచ్చింది. వీల్ పుల్లర్ లేదు. పట్టకారుతో ఒక పక్క చక్రం లాగేశాను. బ్రాకెట్ బిగించి, చక్రాన్ని కంటితో చూసుకుని మళ్లీ ఇరుసు మీద నొక్కేశాను.

నీకు తెలుసుగా, ఒక పక్క చక్రానికి రాడ్ తగిలించే క్రాంక్ పిన్నుకీ రెండో పక్క పిన్నుకీ మధ్య 90 డిగ్రీలు ఉండాలి. ఒక పక్క రాడ్ తిన్నగా సాగి ఎటు తిరగాలో తేల్చుకోలేని చోట ఉన్నప్పుడు, రెండో పక్క రాడ్ సగం దారిలో ఉండి చక్రాన్ని తిప్పుతుంది. అది కచ్చితంగా 90 కాకపోయినా పర్వాలేదు, 88 అయినా నడుస్తుంది. కానీ అన్ని ఇరుసులకీ ఒకే కోణం ఉండాలి. నేను పెట్టిన చక్రం మిగతావాటితో కొన్ని డిగ్రీలు తేడాగా కూర్చుంది. తిప్పితే ప్రతి చుట్టులో ఒకే చోట పట్టేస్తోంది.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఆ చక్రాన్ని మళ్లీ తీసి సరిగా పెట్టడం. సాయంత్రం మీ నాన్న వస్తాడు, వచ్చేసరికి నడిచి చూపించాలి, అంతే నా బుర్రలో ఉన్నది. ఆకురాయి తీసుకున్నాను. పట్టేస్తున్న రాడ్ చివరి రంధ్రాన్ని కొంచెం సాగదీశాను. తిప్పి చూశాను. ఇంకా పట్టేస్తోంది. ఇంకొంచెం రాశాను. నాలుగోసారికి హాయిగా తిరిగింది. ఎంత సంతోషించానో!

మీ నాన్న వచ్చాడు. నడిపాం. నెమ్మదిగా పోతున్నంతసేపూ బాగానే ఉంది, కొంచెం కుంటుతోందంతే. స్పీడ్ పెంచాడు. రంధ్రంలో ఉన్న ఆ సందులో ముందు ఇరుసు ఒక క్షణం వెనక్కి తిరగబోయింది, రాడ్ అడ్డంగా బిగుసుకుంది, మోటార్ ఆగకుండా తోసింది. పిన్ను చక్రంలోంచి ఊడొచ్చింది. చక్రం మధ్యలో ప్లాస్టిక్ పగిలింది. రాడ్ వంగిపోయింది.

"మోటార్ పాతదిరా, ఝాడించింది" అన్నాను. వాడు నమ్మాడు. ఇంజన్‌ని ఒక గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆ రాడ్ మాత్రం కొత్తది చేసిస్తానని నేను తీసుకున్నాను. చెయ్యలేదు. వాడు మళ్లీ అడగలేదు. కొన్నేళ్ల తర్వాత నీకోసం పీ2 కొన్నప్పుడు కూడా, "దీన్ని అన్నయ్యకి చూపించాలి" అన్నాడట, మీ అమ్మ చెప్పింది. ఆ రోజు నేను తలెత్తుకోలేకపోయాను.

అందుకే ఈ ఒక్కటీ మనసులో పెట్టుకో. రాడ్ పట్టేస్తే రాడ్ ముట్టుకోకు. రాడ్లు అన్నీ ఒకేసారి తగిలించకు. ముందు గేర్ ఉన్న ఇరుసుకీ పక్కదానికీ తగిలించి చేత్తో తిప్పు. సాఫీగా ఉంటే మూడోదానికి వెళ్లు. ఎక్కడ పట్టేస్తే అక్కడ చివరగా కలిపిన ఇరుసుదే తప్పు. చక్రాన్ని తీసి, కోణం కదలకుండా పట్టి ఉంచే క్వార్టరింగ్ జిగ్‌లో పెట్టి మళ్లీ నొక్కు. పదిసార్లయినా సరే. ఇంకోటి, పీ2కి నిజానికి మూడు సిలిండర్లు, క్రాంకులు 120 డిగ్రీల్లో ఉండేవి. ఇంటర్నెట్‌లో అది చదివి ఒక ఇరుసుని 120కి పెట్టకు. మోడల్‌లో 90కే ఉంచు, అన్నిటికీ.

చక్రాలు తిరిగి పెట్టేటప్పుడు ఇన్సులేషన్ ఉన్న చక్రాలన్నీ ఒకే పక్క రావాలి. ఒక్కటి అటూ ఇటూ అయితే పట్టాల మీద పెట్టగానే షార్ట్. చక్రాల లోపలి ముఖాల మధ్య 14.5 మి.మీ. ఉందో లేదో గేజ్‌తో చూడు. బోగీని నీ దగ్గరున్న అన్నిటికంటే బిగుతైన మలుపులో తిప్పి చూడు, దాని చక్రం సిలిండర్‌కి ఎక్కడా తగలకూడదు. చాసిస్ కొయ్యడం మాత్రం అన్నిటికన్నా చివర. ముందు దళసరి అట్టతో సిలిండర్లు, బోగీ చేసి అంటించి చూడు. సరిగ్గా వచ్చిందని నీకు నమ్మకం కలిగాకే రంపం తియ్యి.

కోప్పడ్డానని బాధపడకు. నువ్వు నాకంటే బాగా చేస్తావు, నాకా నమ్మకం ఉంది. తొందర మాత్రం పడకు. ఎవరికో చూపించాలని చెయ్యకు, మీ నాన్నకైనా, నాకైనా.

ఈ ఉత్తరంతో పాటు పార్శిల్ పంపుతున్నాను. అందులో నా క్వార్టరింగ్ జిగ్, 14.5 గేజ్, ఆ తర్వాత కొనుక్కున్న వీల్ పుల్లర్ ఉన్నాయి. అడుగున కాగితంలో చుట్టిన సన్నని రాడ్ ఒకటి ఉంటుంది, కొంచెం వంగి. దాని చివరి రంధ్రం గుండ్రంగా లేదు. దాన్నీ ఈ ఉత్తరాన్నీ మీ నాన్నకు ఇవ్వు.

ఇట్లు,
మీ పెద్దనాన్న