పాఠకుల ప్రశ్నలు: ఒంట్లో అమర్చిన పరికరం, దాని నంబరు

ప్రశ్న: మా అమ్మగారికి 2009లో ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుడి తుంటి కీలు మార్చారు. ఏడాదిగా మళ్లీ నొప్పి మొదలైంది. ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారు పాత కీలు ఏ కంపెనీదో, ఏ మోడలో కనుక్కుని రమ్మన్నారు. ఆనాటి ఆసుపత్రివారు అంత పాత కేస్ షీట్లు తమ దగ్గర లేవన్నారు. మా దగ్గరున్న డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ పేరు తప్ప మరేమీ లేదు. ఆ వివరం నిజంగా అంత అవసరమా? ఎక్కడ వెతకాలి?
— ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: చాలా అవసరమండి. కృత్రిమ తుంటి ఒకే ముక్క కాదు. తొడ ఎముక లోపలికి దిగే కాడ, ఆ కాడ కొసన శంకువులా చెక్కిన భాగానికి బిగించే బంతి, కటి ఎముకలో కూర్చోబెట్టే గిన్నె, ఆ గిన్నె లోపల వేసే పాలిథిలిన్ లేదా సిరామిక్ అస్తరు, మామూలుగా ఈ నాలుగూ కలిస్తే అది కీలవుతుంది. ఏళ్ల తరబడి నడకలో ముందుగా అరిగేది సాధారణంగా ఆ అస్తరే. కాడ, గిన్నె ఎముకతో గట్టిగా అతుక్కుని ఉన్నట్లయితే అస్తరును, బంతిని మాత్రమే మార్చి తక్కువ కోతతో బయటపడవచ్చు. అయితే శంకువు వాలు, మందం అన్ని మోడళ్లకూ ఒకేలా ఉండవు. ఒకరి కాడకు పొసగని మరొకరి బంతిని బిగిస్తే రెండింటి మధ్య కంటికి కనబడని కదలిక పుట్టి, ఆ రాపిడికి లోహం పొడిగా రాలుతుంది. మోడల్ తెలియనప్పుడు బాగానే ఉన్న కాడను కూడా ఎముక నుంచి పెకలించవలసిన పరిస్థితి రావచ్చు. వయసు మీద పడినవారికి అది చిన్న దెబ్బ కాదు.

మీ విషయంలో రెండో కారణం కూడా ఉంది. డిప్యూ కంపెనీ తయారు చేసిన ఏఎస్ఆర్ అనే తుంటి కీలును 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అందులో బంతీ, గిన్నే రెండూ కోబాల్ట్-క్రోమియం లోహంవే. గిన్నె లోతు తక్కువ కావడంతో బరువు దాని అంచు మీద పడి, లోహపు నలుసులు చుట్టూ ఉన్న కండరంలోకి, రక్తంలోకి చేరేవి. మన దేశంలో ఆ కీళ్లతో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. కేంద్ర ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం నివేదిక 2018లో బయటికి వచ్చేనాటికి కూడా వారిలో ఎక్కువమంది ఆచూకీ దొరకలేదు. పరికరంలో లోపం బయటపడింది, కానీ అది ఎవరి ఒంట్లో ఉందో చెప్పే కాగితం లేదు. ఈ సంగతి రాస్తున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అమ్మగారి కీలు అదేనని నేను అనడం లేదు. ఆ రోజుల్లో ఎన్నో కంపెనీల కీళ్లు వాడేవారు. లోహం మీద లోహం ఆడే రకమని ఎక్స్‌రేలో అనుమానం వస్తే, రక్తంలో కోబాల్ట్, క్రోమియం పాళ్లు చూసే పరీక్ష ఉంది, డాక్టరుగారిని అడగండి.

ఇక ఎక్కడ వెతకాలన్నది. వైద్య మండలి 2002 నాటి నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి గానీ రోగి అనుమతి పొందినవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 15, 20 ఏళ్లు ఒంట్లో ఉండవలసిన వస్తువుకు 3 ఏళ్ల కాగితం ఏ మూలకు సరిపోతుందో నాకు బోధపడదు. అయినా అది కనీస గడువే కాబట్టి, నోటిమాటతో ఊరుకోక రికార్డుల విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. కేస్ షీటు పోయినా ఆపరేషన్ థియేటర్ రిజిస్టరు, స్టోర్స్ కొనుగోలు పుస్తకం మిగిలి ఉండవచ్చు. అప్పట్లో ఆరోగ్య బీమా తీసుకుని ఉంటే బీమా కంపెనీ పాత ఫైలునూ అడగండి, ఎందుకంటే క్లెయిముతో పాటు ఇంప్లాంట్ బిల్లు, స్టిక్కర్ జతచేయమనడం మన దగ్గర వాడుక. ఏదీ దొరకకపోతే ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన ఎక్స్‌రే ఫిల్ము వెతకండి. కాడ ఆకారం, గిన్నె అంచు, స్క్రూ రంధ్రాల వరుస చూసి మోడల్‌ను పోల్చుకోగల అనుభవజ్ఞులైన సర్జన్లు ఉన్నారు.

ఇప్పుడు ఎవరికైనా ఆపరేషన్ కాబోతుంటే ఈ పాట్లు తప్పించుకునే దారి చాలా తేలిక. ఇంప్లాంట్ పెట్టె లోపల ఊడదీసి అంటించుకునే స్టిక్కర్లు కొన్ని ఉంటాయి. ఒకటి కేస్ షీటుకు, ఒకటి బిల్లుకు పోతుంది. ఇంకొకటి మీకు రావాలి. దాని మీద 01 తర్వాత వచ్చే 14 అంకెలు తయారీదారును, మోడల్‌ను తెలుపుతాయి. 17 తర్వాత గడువు తేదీ, 10 తర్వాత బ్యాచ్ నంబరు, 21 తర్వాత సీరియల్ నంబరు ఉంటాయి. అమెరికా 2013లో ఈ ఏకైక గుర్తింపు సంఖ్యల విధానాన్ని నియమంగా తెచ్చింది. ఐరోపాలో 2021 మే నుంచి అమలవుతున్న చట్టం చాలా ఇంప్లాంట్లకు రోగి చేతికి కార్డు ఇవ్వాలంటుంది. చెన్నైలో ఒక ఆసుపత్రి స్టోర్స్‌లో పనిచేసిన రోజుల్లో ఆ స్టిక్కర్లు బిల్లు వెనక అంటుకుని, అక్షరాలు వెలిసిపోయి ఉండడం నేను చూశాను. అందుకే స్టిక్కర్ చేతికి రాగానే ఫోనులో ఫొటో తీసుకుని, ఇంట్లో మరొకరికి కూడా పంపి ఉంచండి.

ప్రశ్న: మా నాన్నగారికి ఈ మధ్యే పేస్‌మేకర్ పెట్టారు. మంచం పక్కన ఒక చిన్న పెట్టె కూడా ఇచ్చారు. దాని ద్వారా ఆయన ఎక్కడికి వెళ్తున్నదీ కంపెనీకి తెలిసిపోతుందని, ఎవరైనా దాన్ని హ్యాక్ చేయవచ్చని బంధువులు భయపెడుతున్నారు.
— ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: పేస్‌మేకర్‌కు మనిషి ఎక్కడున్నాడో తెలియదు. ఉపగ్రహ సంకేతాలు అందుకునే జీపీఎస్ భాగం నడవాలంటే మిల్లీవాట్ల లెక్కన కరెంటు కావాలి. పేస్‌మేకర్ మొత్తం మైక్రోవాట్ల మీద నడుస్తుంది, అంటే వెయ్యోవంతు స్థాయిలో. అంత పొదుపుగా రూపొందించారు కనుకనే చిన్న లిథియం బ్యాటరీతో ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోంలో ఆర్నె లార్సన్ ఒంట్లో అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్ కొద్ది గంటలకే ఆగిపోయింది; ఆయన మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా 20కి పైగా పరికరాలు మార్చుకుంటూ 2001 వరకు జీవించారు. ఈ పరికరాలు ఎంత దూరం వచ్చాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

మంచం పక్కన ఉన్న పెట్టె కొన్ని మీటర్ల దూరంలో మాత్రమే, చాలా పరికరాల్లో 402 నుంచి 405 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో తరంగాలతో, పేస్‌మేకర్‌తో మాట్లాడి గుండె లయ, బ్యాటరీ స్థితి వంటివి డాక్టరుకు చేరవేస్తుంది. పెట్టెకు బదులు ఫోనులో యాప్ వాడుతుంటే, లొకేషన్ అనుమతి ఆ ఫోనుకు సంబంధించిన విషయం. దాన్ని విడిగా చూసుకోండి.

హ్యాకింగ్ భయం పూర్తిగా నిరాధారం కాదు. 2017 ఆగస్టులో అమెరికాలో అలాంటి లోపం కారణంగా 4,65,000 పేస్‌మేకర్ల సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దవలసి వచ్చింది. పరికరం బయటికి తీయకుండానే, ఆసుపత్రిలో సుమారు 3 నిమిషాల్లో అయ్యే పని అది; ఆ లోపం వల్ల ఎవరికీ హాని జరిగినట్లు తేలలేదు. ఇక్కడ కూడా మోడల్, సీరియల్ నంబర్లు ఆసుపత్రి జాబితాలో ఉన్నవారినే పిలవగలరు. నాన్నగారి పేస్‌మేకర్ కార్డు జేబులో ఉంచండి. ఇల్లు గానీ ఫోను నంబరు గానీ మారితే ఆసుపత్రికి తెలియజేయండి.

ప్రశ్న: నేను బయోమెడికల్ ఇంజినీరింగ్ విద్యార్థిని. కాగితాలు పోతాయి కదా, ప్రతి ఇంప్లాంట్‌లోనూ ఒక ఆర్ఎఫ్ఐడీ చిప్ (దగ్గర పెట్టిన రీడరుకు రేడియో తరంగాలతో తన నంబరు చెప్పే చిప్) పెడితే సరిపోదా?
— బెంగళూరు

జవాబు: మంచి ఆలోచనే, కానీ చిక్కులు డిజైన్‌లోనే ఉన్నాయి. తరంగాల పౌనఃపున్యం పెరిగేకొద్దీ నీటితో నిండిన మన కండరం వాటిని ఎక్కువగా మింగేస్తుంది. 125 కిలోహెర్ట్జ్ దగ్గర చక్కగా చొచ్చుకుపోయినా, చదివే దూరం చాలా తగ్గుతుంది. లోహపు కాడ లోపల చిప్ పెడితే ఆ లోహమే అడ్డుగోడ అవుతుంది. ఇంప్లాంట్లను గామా కిరణాలతో స్టెరిలైజ్ చేసినప్పుడు మామూలు చిప్‌లలోని జ్ఞాపకం చెడిపోవచ్చు. పైగా చిప్ కూడా ఒంట్లో ఉండే మరో వస్తువే కాబట్టి దాని గాజు తొడుగు ఏళ్ల తరబడి పగలకుండా ఉంటుందని నిరూపించాలి. లోహం మీద లేజరుతో నంబరు చెక్కడంలోనూ జాగ్రత్త కావాలి. టైటానియం మీద ఆ గాటు ఒత్తిడి పడే చోట ఉంటే పగులు అక్కడి నుంచే మొదలుకావచ్చు. ఇవన్నీ దాటినా చిప్ చెప్పేది ఒక నంబరే. ఆ నంబరును మనిషితో కలిపే రిజిస్టరు లేకపోతే అది వట్టి అంకె. స్వీడన్ 1975లో మోకాలి కీళ్లకు, 1979లో తుంటి కీళ్లకు దేశవ్యాప్త రిజిస్టర్లు మొదలుపెట్టినప్పుడు చిప్‌లు లేవు, కాగితాలే ఉన్నాయి. మీ ప్రాజెక్టుకు అంశం వెతుకుతుంటే, చిప్ కంటే ముందు ఆ రిజిస్టరు గురించి ఆలోచించండి.

ప్రశ్న: మా పెద్దనాన్నగారు పోయినప్పుడు దహనానికి ముందు పేస్‌మేకర్ తీయించమన్నారు. ఆ సమయంలో అది మాకు చాలా బాధ కలిగించింది. అది నిజంగా అవసరమా?
— ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: మీ బాధ అర్థమైంది, అయినా అది అవసరమే. వేడికి మూసి ఉన్న బ్యాటరీ పేలి కొలిమిని దెబ్బతీస్తుంది. పక్కన పనిచేసేవారికి ప్రమాదం. స్టెంట్లు, మామూలు లోహపు కీళ్లు తీయనక్కరలేదు. చర్మం కింద చిన్న కోతతో ఆసుపత్రిలోనే తీసి, గాయాన్ని కుట్టి అప్పగిస్తారు. గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ రకమైతే ముందుగా ఆపివేయించాలి, లేదంటే తీసేవారికి షాక్ తగలవచ్చు. ఆ తర్వాత సీరియల్ నంబరు చెప్పి ఆసుపత్రి జాబితాలో నమోదు చేయించండి. పోయినవారి పేరిట చెకప్‌కు రమ్మనే ఫోన్లు ఆ ఇంటికి రాకుండా ఉంటాయి.